లావోన్ గారూ, ఆజ్ఞ సంగతి సరే, ఆ పిల్లల సంగతేంటి?

పిన్హస్ లావోన్ గారికి,

మీరు 1976లోనే పోయారు, ఈ ఉత్తరం మీకు అందదని తెలుసు. అయినా రాస్తున్నా, ఎందుకంటే ఇజ్రాయెల్ రక్షణ మంత్రిగా మీ పేరు ఎక్కడ వచ్చినా ఒకటే ప్రశ్న: 1954లో ఈజిప్టులో బాంబులు పెట్టమని ఆజ్ఞ ఇచ్చింది ఎవరు? మీరా, సైనిక గూఢచారి విభాగం అధిపతి గిబ్లీనా? ఆ ప్రశ్న చూస్తేనే నాకు చిరాకు.

1954లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ ప్రాంతం నుంచి బ్రిటిష్ సైన్యం వెళ్లిపోబోతోందని మీవాళ్లకి టెన్షన్. దానికి వేసిన ప్లాన్ ఏంటంటే, ఈజిప్టులోనే ఉన్న యూదు కుర్రాళ్ల చేత అలెగ్జాండ్రియా పోస్టాఫీసులో, అమెరికా నడిపే గ్రంథాలయాల్లో చిన్న చిన్న బాంబులు పెట్టించడం, నింద అక్కడివాళ్ల మీదకి తోసేయడం, ఈజిప్టుని నమ్మలేం, సైన్యాన్ని అక్కడే ఉంచాలని బ్రిటన్‌ అనుకునేలా చేయడం. ఇంత తెలివితక్కువ ఆలోచనకు తల ఊపింది ఎవరో గానీ! జులై 23న సినిమా హాలు దగ్గర ఒక కుర్రాడి జేబులోనే బాంబు అంటుకుంది. ముఠాలో దాదాపు అందరూ దొరికిపోయారు. 1955 జనవరి 31న ఈజిప్టులో ఆ ముఠాలోని మోషే మర్జూక్, షమూయెల్ అజార్‌లను ఉరి తీశారు. ఫిబ్రవరిలో మీరు రాజీనామా చేశారు.

మీకు తెలియకుండానే జరిగిందన్నారు. కావచ్చు. కాగితాలు, సాక్ష్యాలు తారుమారయ్యాయని తర్వాత బయటపడింది, 1960లో మంత్రుల సంఘం మీ తప్పేమీ లేదని తేల్చింది, అది ఒప్పుకోలేక బెన్ గురియన్ ప్రధాని పదవే వదిలేశారు, మీ పార్టీ మాత్రం మిమ్మల్ని కార్మిక సమాఖ్య పదవి నుంచి కూడా పీకేసింది. అన్యాయమే, కాదనను. కానీ సైన్యంలో దుందుడుకు పనుల పిచ్చి పెంచింది మీరేనని 1954లో ప్రధానిగా ఉన్న షారెట్ తన డైరీలో వాపోయారు. ఈ వ్యవహారం గురించి ఆయనకి ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పలేదు మరి. సంతకం మీది కాకపోవచ్చు, ఆ శాఖకి మంత్రి మాత్రం మీరే కదా?

అసలు నా బాధ వేరే. 1956 సినాయ్ యుద్ధంలో వేలమంది ఈజిప్టు సైనికులు మీ దేశానికి చిక్కారు, వాళ్లని వదిలేశారు, ఈ కుర్రాళ్లు మాత్రం జైల్లోనే ఉండిపోయారు. మిగిలిన నలుగురూ బయటికొచ్చింది 1968లో. ప్రభుత్వం వాళ్లని పిలిచి బహిరంగంగా గౌరవించింది 2005లో! దేశమంతా మంత్రి పరువు గురించి కొట్టుకుంటుంటే వీళ్ల గురించి నోరెత్తడానికే ఎవరూ సిద్ధంగా లేరు.

1960లో మీరు మీ పేరు మీది మచ్చ తుడవమని పార్లమెంటరీ కమిటీ ముందుకి వెళ్లారు చూడండి, అప్పటికి ఆ ముఠాలోని మార్సెల్ నినియో అనే ఆవిడ ఈజిప్టు జైల్లో ఆరేళ్లుగా మగ్గుతోంది. ఆవిడ్ని విడిపించమని కూడా అడిగారా?