పాపను పడవ ఎక్కనివ్వు

అమ్మలూ,

ఆశీస్సులు. పాప హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చుందని చెప్పావు. నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడుకోవడం కుదరదని రాస్తున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు. నా మాటైతే ఒక్కటే, పంపించు.

ఈ పిచ్చి మన ఇంట్లోకి ఎలా వచ్చిందో నీకు మొదటినుంచీ ఎప్పుడూ చెప్పలేదు. మా తాతది కాలువ పడవ మీద పని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కదా, కాటన్ దొర కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. కాకినాడలో బస్తాలు ఎక్కించుకున్న పడవ ధవళేశ్వరం దగ్గర గోదావరి దాటి, ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోవచ్చు. గాలి వెనకనుంచి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. లేదంటే గట్టు వెంట నడుస్తూ భుజాన తాడేసుకుని లాగడమే. తాత భుజం మీద ఆ తాడు పడి కాయకట్టిన చోటు చివరిదాకా అలాగే ఉండేది.

అంత కష్టంలోనూ ఆయన మా నాన్నను లాకుల దగ్గరికి, అంటే కాలువ మట్టం మారేచోట పడవను పైకీ కిందికీ చేర్చే తలుపుల దగ్గరికి, వెంట తీసుకెళ్లేవాడు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసేవాళ్లు. ముందు వైపు నుంచి నీళ్లు వదిలేవాళ్లు. బస్తాలతో నిండిన అంత పడవా, ఎవరూ చెయ్యి వెయ్యకుండా, గోడ పక్కనే మెల్లగా పైకి లేచేది. గోడ మీది నాచు ఒక్కో వరసే మునిగిపోతుంటే పిల్లలు వేలు పెట్టి చూపించుకునేవాళ్లట. మా నాన్న ముసలితనంలో కూడా ఆ సంగతి చెప్పేటప్పుడు అరచెయ్యి పైకి లేపి చూపించేవాడు.

లారీలొచ్చాక కాలువ పడవలు తగ్గిపోయాయి. నాన్న కోటిపల్లి రేవులో నావ నడిపాడు. నా చేతికి తెడ్డు ఇవ్వడానికి చాలా ముందే నీళ్లను చూడడం నేర్పాడు. రేవులో నిలబెట్టి, అవతలి గట్టున ఒక చెట్టు చూపించి, అక్కడికి చేరాలంటే ఎంత ఎగువకెళ్లి బయలుదేరాలో చెప్పమనేవాడు. పుల్ల ఒకటి నీళ్లలో వేసి, అది పోయే జోరు చూసి లెక్క కట్టాలి. గాలి ఎటు వీస్తోందో, పోటు మీద ఉందో పాటు మీద ఉందో అదీ చూడాలి. వర్షాకాలం ఎర్రనీరు వచ్చిందంటే పడవ గట్టెక్కాల్సిందే. ఎవరు బతిమాలినా దించేవాడు కాదు. నీకూ నేను అదే పుల్ల పాఠం చెప్పాను, నువ్వు విసుక్కునేదానివి కానీ లెక్క మాత్రం తప్పేదానివి కాదు.

2002లో ఎదుర్లంక దగ్గర యానాం వంతెన వచ్చింది. ఆ వైపు జనానికి గోదావరి దాటించే పంటు కోసం కాచుకునే బాధ తప్పింది. మంచిదే. అర్ధరాత్రి నొప్పులతో ఉన్న ఆడవాళ్లను నావలో దాటించిన ఇల్లు మనది, ఆ భయం ఏమిటో నాకు తెలుసు.

నీ భయం కూడా తెలుసు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన ఘోరం ఇంకా నీ కళ్లముందే ఉంది. నాకూ ఉంది. వరద మీదున్న గోదావరిని చూసి వెనక్కి తగ్గడం మన రేవులో పిల్లలకు కూడా తెలుసు. పాపకు అది తెలియాలంటే నీళ్ల దగ్గర పెరగాలి. పడవ పేరెత్తకుండా పెంచితే రేపు స్నేహితులతో ఎక్కడికో పోయి, చూసుకోకుండా ఏ పడవో ఎక్కేస్తుంది.

నువ్వు చెప్పిన ఆప్టిమిస్ట్ పడవ గురించి చదివాను. 1947లో అమెరికాలో పిల్లల కోసమే తయారుచేశారట. ఎనిమిది అడుగులు కూడా ఉండదు, ఒక్కటే తెరచాప, నీళ్లలోకి దించే పలక ఒకటి మధ్యలో ఉంటుంది. ఆ పలక ఉండబట్టే పక్కగాలికి పడవ జారిపోదు, ఎదురుగాలిలో కూడా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ ముందుకెళ్తుంది. ఎదురుగాలి వస్తే తెరచాప దించి తాడు పట్టుకున్న వంశం మనది. ఆ వంశపు మనవరాలు గాలికి ఎదురెళ్తుందంటే నాకెంత సంబరంగా ఉందో ఎలా చెప్పను!

ముందు ఈత బాగా వచ్చిందో లేదో నువ్వే దగ్గరుండి చూడు. లైఫ్ జాకెట్ వాళ్లిచ్చింది వదులుగా ఉంటే ఒప్పుకోకు. వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగు, గడ్డం దాటి వస్తే అది పనికిరాదు. ఉరుములు వినిపిస్తే క్లాసు ఉన్నా పంపించకు.

సంక్రాంతికి వచ్చేటప్పటికి గోదావరి నెమ్మదిగా ఉంటుంది. మన చిన్న పడవకు పలకల సందుల్లో నార కూరి తారు పూయిస్తున్నాను. పాప సైజు జాకెట్ ఒకటి అక్కడే కొని తీసుకురా, మన ఊళ్లో పిల్లలవి దొరకవు. మీ అమ్మ తనకూ ఒకటి కావాలంటోంది.

మీ నాన్న