పాత క్రైమ్ సినిమాకు చీకటి కావాలి

సంపాదకులకు,

1930-50ల నాటి హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్, ఫిల్మ్ నోయర్ (నీడలు, చీకటి నిండిన నేరకథల) చిత్రాలను థియేటర్లలో మళ్లీ వేయడం మంచిదే. అయితే కొత్త సినిమాకు పెట్టిన సెట్టింగులతోనే వాటినీ వేసేస్తే అసలు సంగతే పోతుంది.

మొదటి తప్పు, తెర నింపాలన్న ఆత్రం. 1932లో హాలీవుడ్ స్థిరపరచుకున్న ఫ్రేము కొలత 1.37:1, అంటే వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. 1953 వరకు దాదాపు అన్నీ అందులోనే తీశారు. దాన్ని అంతకన్నా వెడల్పైన 1.85:1 తెర నిండా జూమ్ చేస్తే ఎత్తులో నాలుగో వంతు ఎగిరిపోతుంది. పైన టోపీ తెగుతుంది, కింద చేతిలోని తుపాకీ కనపడదు. అడ్డంగా సాగదీస్తే మనుషులు మూడో వంతు లావెక్కుతారు, అది మరీ ఘోరం. సరిగ్గా చేసిన 2కె డీసీపీ (థియేటర్లకు పంపే డిజిటల్ కాపీ)లో బొమ్మ 1998×1080 ఫ్లాట్ (1.85) ఫ్రేము మధ్యన 1480×1080 పిక్సెళ్లలో ఉంటుంది. ఫ్లాట్ ప్రీసెట్ పెట్టి, తెర పక్కల మాస్కింగ్ (నల్ల గుడ్డ అంచులు) లోపలికి జరిపితే చాలు. 35 ఎంఎం ప్రింటుకైతే 1.37 గేటు ప్లేటు (ప్రొజెక్టర్లో ఫ్రేము హద్దులు కట్టే రేకు), దానికి తగ్గ లెన్సు ఉండాల్సిందే. 1.85 ప్లేటుతో వేస్తే ఫ్రేమింగ్ నాబ్ ఎంత తిప్పినా తలో పాదమో పోక తప్పదు. అలాగని నలుపు తెలుపు సినిమా కనిపించగానే 1.37 అనుకోకూడదు. 1953 తర్వాత స్టూడియోలు వెడల్పు తెరకు మళ్లాయి. ఆ సినిమాలను పైనా కిందా మూయకుండా ఫ్రేము మొత్తం వేస్తే పైన మైకు వేలాడుతూ కనిపించవచ్చు.

అంతకన్నా పెద్ద విషయం నలుపు. ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944)లో కెమెరామన్ జాన్ సైట్జ్ కిటికీ బ్లైండ్ల నుంచి పడే వెలుగు చారలు కనపడాలని గాలిలో అల్యూమినియం పొడి చల్లించాడు. నలుపు బూడిద రంగుకు తిరిగిందా, ఆ ధూళి కంటికి ఆనదు. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెలుపు వెలుగు చదరపు మీటరుకు 48 క్యాండెలాలు, కాంట్రాస్ట్ (నలుపుకు తెలుపు ఎన్ని రెట్లు వెలుగన్నది) 2000:1. అంటే నలుపు 0.024 మాత్రమే. ఎగ్జిట్ బోర్డో మెట్ల లైటో తెర మీద పడితే ఆ అంకె సులువుగా దాటిపోతుంది. ఆ లైట్లు భద్రత కోసం పెట్టినవి, ఆర్పకూడదు. వెలుగు తెరవైపు పోకుండా చిన్న అడ్డు కట్టవచ్చు.

పరీక్ష తేలికే. హాల్లో లైట్లు ఆట సమయంలో ఉండేంతకు తగ్గించి, ప్రొజెక్టర్ డౌజర్ (వెలుగును ఆపే మూత) మూసి తెర చూడండి. తెర అంచు పోల్చుకోగలిగితే బయటి వెలుగు పడుతున్నట్టే. ఆపైన డౌజర్ తెరిచి నల్ల ఫ్రేము వేయండి. అప్పుడు పెరిగిన మసక ప్రొజెక్టర్ సొంతం. అందులో కొంత బూత్ అద్దం మీది జిడ్డు, లెన్సు మీది దుమ్ము. ల్యాంపు వెలుగు పెంచితే నలుపూ దాంతోపాటే పైకి లేస్తుంది, లాభం లేదు. త్రీడీ కోసం వేసిన వెండిపూత తెర ఇంకో చిక్కు: మధ్యలో మెరుపు, అంచుల్లో మసక. పొగమంచులో నీడలుగా మిగిలే మనుషులతో ముగిసే ‘ది బిగ్ కాంబో’ (1955) లాంటి చిత్రాన్ని ఆ తెర ఉన్న హాల్లో వేయకపోవడమే మేలు.

శబ్దం మోనో (ఒకే ఛానల్), మధ్య స్పీకరు నుంచే రావాలి. సరౌండ్‌గా మార్చే అప్‌మిక్స్ ఆపేయాలి. లేదంటే మాట వెనక నుంచి వస్తుంది. ఆ కాలపు ఆప్టికల్ ట్రాకు (ఫిల్ము అంచున ముద్రించిన శబ్దపు చార)లో పై ధ్వనులు తక్కువే. మాట మూసుకుపోయినట్టుందని ట్రెబుల్ పెంచితే బుసే పెరుగుతుంది.

ఏ కాపీ అన్నది కూడా అడగాలి. ‘ది పబ్లిక్ ఎనిమీ’ (1931)ని 1941లో మళ్లీ విడుదల చేసినప్పుడు సెన్సార్ నియమాల కోసం కొన్ని ఘట్టాలు కోసేశారు, తర్వాత వాటిని తిరిగి చేర్చారు. కాబట్టి మీ పత్రిక సినిమా పేజీలో ఇలాంటి ప్రదర్శనల వివరాలిచ్చేటప్పుడు సమయం, టికెట్ ధరతోపాటు ప్రింటా డీసీపీనా, నిడివెంత, ఏ కొలతలో వేస్తున్నారన్న మూడూ అచ్చువేయగలరు.

– ఒక పాఠకుడు