బొటనవేలు ఎమోజీ కూడా సంతకమే

సంపాదకులకు నమస్కారం.

పిల్లల్ని కెనడా పంపిన మేం వీసా వార్తలే చూస్తాం కానీ అక్కడి కోర్టు తీర్పులూ తెలియాలండి. సస్కాచెవాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే కంపెనీ ఒకటి అవిసె గింజల కాంట్రాక్టు ఫొటో ఫోన్‌లో పంపితే రైతు బొటనవేలు ఎమోజీ పెట్టాడు, సరుకు ఇవ్వలేదు. అందిందని చెప్పానంతే, ఒప్పుకోలేదని ఎంత వాదించినా, గతంలో 'ఓకే' అని మెసేజ్ పెట్టి సరుకు ఇచ్చిన అలవాటు ఉంది కాబట్టి ఇదీ సంతకమేనని 2023లో కోర్టు 82 వేల డాలర్ల పైనే కట్టమంది, అప్పీల్లోనూ ఓడిపోయాడు.

2024లో ఎయిర్ కెనడా విమాన కంపెనీ చాట్‌బాట్ (వెబ్‌సైట్‌లో మన ప్రశ్నలకు జవాబులిచ్చే ప్రోగ్రామ్) తప్పు చెబితే బాధ్యత కంపెనీదేనని అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ తేల్చింది, అది మంచి కబురు.

అద్దె, ఉద్యోగం మెసేజ్‌లకు మా పిల్లలు చదవకుండానే బొటనవేలు పెట్టేస్తారు, అదే నా టెన్షన్. ఇలాంటి తీర్పులు మీ పేపర్లో తెలుగులో వేయండి.

– ఒక తల్లి, గుంటూరు