ఎనర్జీ డ్రింకులు పిల్లలకు అమ్మకుండా ఆపాలి

సంపాదకుడు గారికి,

నేను కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ అధ్యాపకురాలిని. రాత్రి మేలుకొని చదవడానికి ఇంటర్ పిల్లలు ఎనర్జీ డ్రింకులు తాగడం మామూలైపోయింది. పొద్దున మొదటి పీరియడ్‌కే తల వాల్చేస్తారు. గుండె దడ అంటారు, చేతులు వణుకుతున్నాయంటారు. పరీక్షల టెన్షన్ అనుకుని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు.

ఈ డ్రింకుల్లోని కెఫీన్ శక్తినివ్వదు. అలసట కబురు మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది, అంతే. రాత్రి పదికి తాగితే తెల్లవారుజామున మూడింటికి కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చెడుతుంది, మర్నాడు మత్తు వదలక మళ్లీ బాటిల్ కొంటారు. అలవాటయ్యాక మానేస్తే తలనొప్పి, చిరాకు.

మన నిబంధనల ప్రకారం లీటరులో 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ పిల్లలకు చెప్పిన హద్దు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. 50 కిలోల పిల్లాడు 250 మిల్లీలీటర్ల బాటిళ్లు రెండు తాగితే ఆ హద్దు చేరిపోవచ్చు. రోజూ తాగే టీ, కాఫీల్లోని కెఫీన్ దీనికి అదనం.

పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవి తగవని లేబుల్ మీద రాయాలన్న నిబంధన ఉంది. కానీ ఇంగ్లిషులోనో హిందీలోనో రాస్తే చాలట, తెలుగు తప్పనిసరి కాదు. అసలు బడికెళ్లే పిల్లవాడికి అమ్మకూడదని దుకాణదారుకు చెప్పేవారేరీ? విద్యాసంస్థలకు 100 గజాల లోపు సిగరెట్లు అమ్మరాదని చట్టం ఉంది. వీటికి మాత్రం అలాంటి హద్దేమీ కనిపించదు.

దారి లేక కాదు. 2024 అక్టోబరులో పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఆహార భద్రతా చట్టం 30వ సెక్షన్ ఆ అధికారం ఇస్తోంది. పంజాబ్ 2025లో బడుల్లో, వాటి చుట్టుపక్కల ఎనర్జీ డ్రింకుల అమ్మకాన్ని ఆపింది. పోలండ్‌లో 2024 జనవరి నుంచి 18 ఏళ్లలోపు వారికి అమ్మడమే నేరం.

పెద్దవాళ్లకు అమ్మొద్దని నేననడం లేదు. బడులు, జూనియర్ కాలేజీలు, హాస్టళ్ల దగ్గర 18 ఏళ్లలోపు వారికి అమ్మకుండా ఆహార భద్రతా కమిషనర్ ఉత్తర్వు ఇవ్వాలి. సీసా మీద హెచ్చరిక తెలుగులో, కళ్లకు కనిపించే అక్షరాల్లో ఉండేలా చూడాలి. వార్షిక పరీక్షలు మొదలయ్యేలోపే ఇది జరగాలి.

– ఒక అధ్యాపకురాలు, కరీంనగర్