బెండు కట్టకుండా మా పిల్లల్ని బావిలో దించకండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక తండా ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఒకటి నుంచి ఐదు వరకు 31 మంది పిల్లలు, నేనొక్కదాన్నే. ఇంకో టీచర్ కావాలని మండలంలో రెండుసార్లు, జిల్లాలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. నాలుగు రసీదులూ నా దగ్గరున్నాయి. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

2022-23లో మన తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు సంతోషించినదాన్నే. పొద్దున్నే ప్రైవేటు బడి పసుపు బస్సు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంటే కడుపు తరుక్కుపోయేది. ఇక మన దగ్గరా ఇంగ్లిషే అని ఇల్లిల్లూ తిరిగి ఆరుగురిని వెనక్కి తెచ్చాను. ఇప్పుడు ఆ తల్లులకు ముఖం చూపించలేకపోతున్నాను.

మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు వాళ్లకు రెండో భాష. బడికి రాకముందే అది సగం వచ్చేసి ఉంటుంది. కిరాణా కొట్టులో వింటారు, బస్సులో వింటారు, టీవీలో వింటారు, అమ్మ వెంట పత్తి చేనుకు పోయినా వింటారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంగ్లిష్ కూడా అలాగే వస్తుందని, పిల్లల్ని అందులో ఉంచితే చాలని ఒక మీటింగ్‌లో పెద్దసారు చెప్పారు. మా తండాలో ఇంగ్లిష్ ఎక్కడ వినిపిస్తుంది మంత్రి గారూ? నా నోటి నుంచే రావాలి. నేను చదివింది తెలుగు మీడియం. ఆన్‌లైన్ కోర్సు ఫోన్‌లో చూశాను, రాత్రిళ్లు డిక్షనరీ ముందేసుకుని మర్నాటి పాఠం రాసుకుంటున్నాను. అయినా రెండు వాక్యాలు మాట్లాడేసరికి ఒకటో తరగతి వాళ్లు కొట్టుకుంటారు, కోడిగుడ్ల లెక్క రాయాలి, హాజరు యాప్ తెరుచుకోదు. రోజు మొత్తం మీద ఒక్కో తరగతికి గంట కూడా దక్కడం లేదు.

మొన్న మూడో తరగతి పాపతో పరిసరాల విజ్ఞానం చదివించాను. మన పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు కదా. పాప తెలుగు పేజీని అరచేత్తో మూసి, ఇంగ్లిష్ పేజీ ఎక్కడా ఆగకుండా చదివింది. 'అంటే ఏంటమ్మా?' అన్నాను. చెయ్యి కొంచెం ఎత్తి పక్క పేజీలోకి తొంగి చూసి, దొంగతనం చేసి దొరికినట్టు నావైపు చూసింది. ఎనిమిదేళ్లు ఆ పిల్లకి. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

మా నాన్న నాకు బావిలో ఈత నేర్పాడు. నడుముకు బెండు కట్టి, తను ముందు నీళ్లలోకి దిగి, చేతులు చాపి, అప్పుడు దూకమన్నాడు. మా పిల్లలకు బెండూ లేదు, ముందు దిగిన మనిషీ లేడు.

ఇంకో టీచర్‌ని ఇవ్వండి. కుదరకపోతే ఒకప్పటిలా విద్యావాలంటీర్‌నైనా ఇవ్వండి. ఇంగ్లిష్ మాట్లాడటం మాకు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పించండి, సెలవుల్లో పెట్టినా వస్తాను. కథలు వినిపించడానికి ఒక స్పీకర్ ఇప్పించండి. పిల్లలు తెలుగులోనో లంబాడీలోనో అర్థం అడిగితే తప్పు కాదని తనిఖీకి వచ్చేవాళ్లకు మీరే ఒక మాట చెప్పండి.

జూన్‌లో బడి తెరిచేలోగా ఆ టీచర్‌ని పంపండి మంత్రి గారూ, దండం పెడతాను. నేను వెనక్కి తెచ్చిన ఆరుగురిలో ఇద్దరి తల్లులు మళ్లీ పసుపు బస్సు ఫీజు ఎంతో కనుక్కుంటున్నారు.

ఇట్లు,
ఒక తండా బడి టీచర్