ఎంబీఏ గైడెన్స్: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. మనం ఈ ఏడాది ఎక్కువ ఆదివారాలు ఖర్చుపెట్టిన పని గురించే నేను రాస్తున్నా: డిగ్రీ అయిన ఆడపిల్లలను ఎంబీఏకు తయారు చేయడం.

మన రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష ఐసెట్. 2025లో దాన్ని నిర్వహించింది మన నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీయే. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో, మూడో వంతు మహిళలకే. కేంద్రం పెట్టిన పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీలు ఐఐఎంలలో ఆ కోటా లేదు గానీ, చాలావాటిలో షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు అమ్మాయిలకు, ఇంజినీరింగ్ కాని డిగ్రీల వాళ్లకు కొన్ని పాయింట్లు కలుపుతారు. ఈ మాట చెబితే ‘ఉత్తగ మార్కులిచ్చుడేంది’ అని ఒక సభ్యుడు అడిగారు. హార్వర్డ్ తన రెండేళ్ల ఎంబీఏలోకి ఆడవాళ్లను తీసుకున్నదే 1963లో. అప్పటిదాకా మగవాళ్లకు నూటికి నూరు కోటా నడిచినట్టే కదా!

అయితే సీటు దగ్గరే మన పని అయిపోలేదని డిసెంబర్‌లో పెట్టిన గ్రూప్ డిస్కషన్‌లో తెలిసింది. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు బీటెక్ అబ్బాయిలే మాట్లాడారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన బీకాం అమ్మాయి పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. వాళ్ల అమ్మది కిరాణా కొట్టు, ఖాతా పుస్తకం రాసేది ఈమే. టాపిక్ మార్చి, ‘మీ కొట్లో ఉద్దెర ఎట్ల ఇస్తరు?’ అని అడిగాం. బతుకమ్మకు ఎవరికి ఎంత ఇవ్వాలి, పత్తి పైసలొచ్చేదాకా ఎవరు ఆగమంటారు, ఎవరు ఎగ్గొడతారు, ఆలోపు హోల్‌సేల్ అతనికి ఎంత కట్టాలి... గడగడా చెప్పింది. క్లాసులో వర్కింగ్ క్యాపిటల్ అనేది ఇదే. పుస్తకాల్లోని కేసుల్లో, అంటే క్లాసులో చర్చించే వ్యాపార ఉదాహరణల్లో, మేనేజర్ ఎక్కువగా మగవాడే, కంపెనీ పెద్దదే. ఇలాంటి కొట్టు కనబడటం తక్కువ. అందుకే ఈ కొట్టు లెక్కనే రెండు పేజీల కేసుగా రాయించి, తర్వాతి బ్యాచ్‌కు ఇచ్చాం.

ఒక చేదు ముచ్చట. ఒక కాలేజీ ఇంటర్వ్యూలో మన అమ్మాయిని ‘పెళ్లెప్పుడు?’ అని అడిగారట. ఆమె బయటికొచ్చి ఫోన్ చేసి ఏడ్చింది. ఇప్పుడు మాక్ ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న మేమే ముందు అడుగుతున్నాం, తడబడకుండా జవాబు చెప్పడం అలవాటు కావాలని. అడిగినవాళ్లది తప్పయితే ప్రాక్టీసు ఆడపిల్లలకెందుకని మా ఇంట్లోనే నన్ను నిలదీశారు. నా దగ్గర జవాబు లేదు.

ఉచిత బస్సు వచ్చాక దూరం నుంచి వచ్చే అమ్మాయిలకు చార్జీల టెన్షన్ లేదు, టైమే ఇబ్బంది. వచ్చే నెల నుంచి ఆదివారం క్లాసు 10 గంటలకు కాదు, 11కు. సాయంత్రం 4కు వదిలేస్తాం.

– కార్యదర్శి