శనివారం గడ్డ పెరుగు ఎందుకు ఆపేశామంటే

విన్నిపెగ్‌లోని మన వాళ్లందరికీ నమస్కారం.

ఈ శనివారం నుంచి మా దుకాణంలో గడ్డ పెరుగు ఉండదు. కోవా, పనీరు, పిండివంటలు ఎప్పటిలాగే దొరుకుతాయి. పెరుగుకు ముందుగా డబ్బు కట్టినవారికి తిరిగి ఇచ్చేస్తాం. మంచులో పడి వచ్చి పెరుగు పట్టుకెళ్లిన మీకు, గోడ మీద ఒక కాగితం అంటించి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మనకు పాలు ఇచ్చిన స్టైన్‌బాక్ ఊరి రైతు ఈ చలికాలంలో కాలం చేశారు. ఆయన పూర్వీకులు 1874లో రష్యా సామ్రాజ్యం నుంచి కెనడాలోని ఈ మైదానాలకు వచ్చిన మెన్నొనైట్లనే క్రైస్తవ శాఖవారు. పొలంలోనే చిన్న యంత్రం పెట్టుకుని, తన జెర్సీ ఆవుల పాలను పాశ్చరీకరించి, హోమోజినైజ్ చేయకుండా, అంటే వెన్న కణాలను చిదపకుండా, అమ్మేవారు. మన ఊళ్లలో జెర్సీ పాలంటే పలుచనివని చిన్నచూపు. నాదీ గేదె పాలకు అలవాటుపడిన నోరే. కానీ 5 శాతం దాకా వెన్న ఉండే ఆ పాలు కాచి తోడు వేస్తే, తెల్లారేసరికి వేలితో ఎత్తితే ఊడివచ్చేంత మందాన మీగడ కట్టేది. వేసవిలో ఆవులు పచ్చిక మేస్తే ఆ మీగడ పసుపు తిరిగేది.

పాలు పితికాక చన్నులకు మందు అద్దుతారు. మైనస్ 35 డిగ్రీల చలిలో ఆ తడి ఆరకుండా ఆవు బయటికి వెళితే చర్మం గడ్డకట్టి పుండవుతుంది. పితకడానికి యంత్రాలున్నా, ఆ తడిని మాత్రం ఆయన ప్రతి ఆవుకూ స్వయంగా గుడ్డతో ఒత్తేవారు.

ఆయన కూతురు ఒక సంగతి చెప్పారు. 1997 ఏప్రిల్‌లో మన మానిటోబా రాష్ట్రాన్ని మంచు తుపాను ముంచెత్తినప్పుడు దారులు మూసుకుపోయి పాల లారీ రాలేదు. ట్యాంకు నిండిపోయింది. పిల్లలను ఇంట్లోకి పంపేసి, ఆయనొక్కరే వాల్వు తిప్పి పాలు వదిలేశారట. సాయంత్రం మళ్లీ పితికారు, పితకకపోతే పొదుగు వాస్తుంది కదా. పాలు నేలపాలు కావడం పిల్లల కంట పడకూడదని తండ్రి అలా చేశారని పెద్దయ్యాక గానీ ఆమెకు తెలియలేదు.

పిల్లలు పాడి అమ్మేశారని మీలో కొందరు నా దగ్గర నొచ్చుకున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. కెనడాలో పాడికి ఆవులుంటే చాలదు, కోటా, అంటే ఇంత పాడి అమ్ముకోవచ్చన్న హక్కు, ఉండాలి. రోజుకు ఒక కిలో వెన్న, అంటే దాదాపు ఒక ఆవు పాడి, అన్న లెక్కన దాన్ని చాలా ఖరీదుకు కొంటారు, అమ్ముతారు. పెళ్లయినా చావయినా రెండు పూటలా పితకాల్సిందే. ఆ బరువు మీరు మోయనక్కర్లేదని తండ్రే వాళ్లకు చెప్పి పోయారు.

నాకు నిద్రపట్టనివ్వనిది తర్వాత జరిగింది. హోమోజినైజ్ చేయని పాలే పంపుతామని ఒక పెద్ద సంస్థ మాట ఇచ్చింది. నమ్మి తోడు వేశాను. పెరుగు తోడుకుంది, పైన మీగడ లేదు, సుద్దముద్దలా నున్నగా ఉంది. వచ్చినవి హోమోజినైజ్ చేసిన పాలు. ఒత్తిడితో సన్నని సందుల్లోంచి పంపి వెన్న కణాలను చిదిపేస్తారు కాబట్టి ఆ పాలలో మీగడ పైకి తేలదు. ఫోను చేసి అడిగితే "ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నాకు తెలుస్తుంది. మొదటి ముద్దలోనే మీకూ తెలుస్తుంది. అంత తేలిగ్గా ఎలా అనగలిగారో!

పాలపొడి కలిపితే గట్టిపడుతుందని కొందరు చెప్పారు. పెరుగు కోసం వచ్చేవాళ్లే మిగతావీ కొంటారు, అద్దె ఎలా కడతామని మా ఆవిడ అడిగింది. ఆమె మాటలో న్యాయం ఉంది. అటూ ఇటూ చాలా కొట్టుకున్నాను. అయినా పాలపొడి కలిపి, ఆ పెద్దాయన పాలతో పెంచుకున్న పేరుతో అమ్మడం నా వల్ల కాదు. తెలిసిన పొలంలో పచ్చిపాలు ఇప్పిస్తామన్నవారికి కూడా వద్దన్నాను. పచ్చిపాలు అమ్మడం ఈ దేశంలో నిషేధం.

ఆయన ఇచ్చిన వెన్నతో కాచిన నెయ్యి కొన్ని సీసాలు మిగిలింది. ఇంటికి ఒకటి చొప్పున, పాత ధరకే ఇస్తాను. లైసెన్సు ఉన్న మరో రైతుతో మాట్లాడుతున్నాను. ఆ పాలు ముందు మా ఇంట్లో తోడు వేసి చూస్తాను. మీగడ కడితే నేనే మీకు ఫోను చేస్తాను, అంతవరకు పెరుగు ఎప్పుడని అడగవద్దు.